ఊరి చరిత్ర కాగితాలు ఎక్కడ దొరుకుతాయి: కైఫీయతులు, ఇనాం రిజిస్టర్లు, ఇంకా కొన్ని

మీరు అడిగింది ఇది కదా: మీది నరసరావుపేట దగ్గర ఊరు, ఊరి వాళ్ళంతా కలిసి చరిత్ర పుస్తకం వేద్దామనుకుంటున్నారు, మెకంజీ కైఫీయతుల్లో (కంపెనీ కాలంలో ఊరూరా కరణాల్ని అడిగి రాసుకున్న ఊరి వృత్తాంతాల్లో) మీ ఊరు ఉందని ఎవరో చెప్పారు, అది ఎక్కడ దొరుకుతుంది, అందులో మీ తాతముత్తాతల పేర్లు ఉంటాయా, మీ ఆవిడ వాళ్ళది నల్గొండ వైపు కాబట్టి వాళ్ళ ఊరికి కూడా అలాంటిది ఉంటుందా అని. కింద ఒకాయన గూగుల్ చేసుకోండి అని చెప్పి వెళ్ళిపోయాడు, ఇంకొకాయన మీ ఊరి పేరుకి రాముడు, సీత, బంగారు లేడి కథ చెప్పాడు. రెండూ పక్కన పెట్టండి. నేను చాలా ఏళ్ళుగా ఈ పాత కాగితాల మధ్యే తిరుగుతున్నా కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపికగా చదవండి.

కైఫీయతు ఉండే అవకాశం చాలా ఎక్కువ. గుంటూరు సీమ అదృష్టం అది. ముత్తాతల పేర్లు మాత్రం, మీరు కరణం కుటుంబమో గుడి మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, ఉన్న కుటుంబమో అయితే తప్ప, కైఫీయతులో ఉండవనే అనుకోండి. వాటికి వేరే చోట్లు ఉన్నాయి, చెప్తా. నల్గొండ కథ పూర్తిగా వేరు.

ముందు కైఫీయతులు ఎలా పుట్టాయో తెలిస్తే ఎలా చదవాలో తెలుస్తుంది. కాలిన్ మెకంజీ స్కాట్లండ్ వాడు, 1783లో మద్రాసు వచ్చాడు, కంపెనీ సైన్యంలో ఇంజనీరు. టిప్పు పడిపోయాక మైసూరు సర్వే చేశాడు, తర్వాత మద్రాసుకి సర్వేయర్ జనరల్, 1815లో మొత్తం ఇండియాకి సర్వేయర్ జనరల్, 1821లో కలకత్తా దగ్గర చనిపోయాడు. ఆయనకి తెలుగు రాదు, సంస్కృతం రాదు. మరి ఇంత పోగు ఎలా చేశాడంటే మన ఏలూరు కావలి సోదరుల వల్ల. కావలి వెంకట బొర్రయ్య ఉద్యోగంలో చేరి ఈ పనికి ఒక పద్ధతి తెచ్చాడు, పాతికేళ్ళు దాటగానే 1803లో పోయాడు, అక్కణ్ణించి తమ్ముడు లక్ష్మయ్య నడిపాడు. వీళ్ళ కింద నారాయణరావు లాంటి గుమాస్తాలు ఊరూరా తిరిగి కరణాల దగ్గర కూర్చుని కవిలె కట్టలు, అంటే ఊరి పాత లెక్కల కాగితాలు, చూసి, గుళ్ళో శాసనాలు నకలు రాసుకుని, పెద్దవాళ్ళని అడిగి రాయించారు. మెకంజీ పోయాక ఈ మొత్తాన్ని కంపెనీ ఆయన భార్య దగ్గర 10 వేల పౌండ్లకి కొంది, విల్సన్ అనే ఆయన 1828లో కేటలాగు వేశాడు, ఆ లెక్క ప్రకారం 8076 శాసనాల నకళ్ళు, 2070 స్థానిక వృత్తాంతాలు, 6218 నాణేలు. ఈ 2070లో మన ఊళ్ళ కథలు ఉన్నాయి.

లక్ష్మయ్య ఆ పని తనే కొనసాగిస్తానని అర్జీ పెట్టుకున్నాడు, నేటివు వాడి వల్ల కాదులే అని తీసి పక్కన పెట్టారు. ఎవరి కాళ్ళు అరిగి ఆ సేకరణ తయారయిందో వాళ్ళకే అర్హత లేదన్నారు. కలెక్షన్ పేరు ఇప్పటికీ మెకంజీదే. మీ పుస్తకంలో కైఫీయతు వేసేటప్పుడు కావలి సోదరుల పేరు ఒక్క లైను రాయండి, అది నా రిక్వెస్టు.

తర్వాత దక్షిణాది భాషల కాగితాలు మద్రాసుకి తిరిగొచ్చాయి, పాడైపోతుంటే బ్రౌను దొర శుభ్రంగా నకళ్ళు రాయించాడు, వాటినే లోకల్ రికార్డ్స్ అంటారు. అసలు కాగితాలూ ఈ నకళ్ళూ ఇప్పుడు చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కడప జిల్లావి కడపలోనే సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాళ్ళు సంపుటాలుగా అచ్చేశారు. గుంటూరు వైపువి కూడా చాలావరకు అచ్చులో వచ్చాయి, నెట్లో స్కాన్లు తిరుగుతున్నాయి, కాబట్టి చెన్నై రైలెక్కే ముందు గుంటూరులోనో రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనో వేటపాలెం సారస్వత నికేతనంలోనో అడగండి. అచ్చులో చదివాక అనుమానం ఉన్న పేజీ కోసం మాత్రమే చెన్నై వెళ్ళండి.

ఇప్పుడు అసలు విషయం. గుంటూరు కైఫీయతు చేతికి రాగానే మీకు ఒళ్ళు పులకరిస్తుంది, ఎందుకంటే మొదటి పేరాలోనే మీ ఊరి పేరు, సర్కారు ముర్తజానగరు అని గుంటూరుకి అప్పటి పేరు, ఆ కింద గజపతి సింహాసనస్థుడైన గణపతి మహారాజులుంగారి ప్రధాని గోపరాజు రామన్న గారు శాలివాహన శకం 1067 రక్తాక్షి సంవత్సరం సూర్యగ్రహణం నాడు నియోగులకి గ్రామ మిరాశీలు ఇచ్చేటప్పుడు మీ ఊరి కరణీకం ఫలానా ఇంటిపేరు వాళ్ళకి ఇచ్చాడు అని రాసి ఉంటుంది. ఆహా మా ఊరికి 880 ఏళ్ళ చరిత్ర ఉంది అని పుస్తకం అట్టమీద వేసేస్తారు. ఆగండి. పక్క ఊరి కైఫీయతు తీయండి. అక్కడా ఇదే గోపరాజు రామన్న, ఇదే గ్రహణం, ఇదే శకం. ఆ పక్క ఊరుదీ అంతే. ఆ సీమలో ఊరి తర్వాత ఊరుకి అదే వాక్యం, మారేది ఇంటిపేరూ గోత్రమూ మాత్రమే.

లెక్క చూడండి. శకం 1067 అంటే 78 కలిపితే 1145. కాకతి గణపతిదేవుడు సింహాసనం ఎక్కింది 1199లో. 1145లో అనుమకొండలో ఉన్నది ఆయన తాత రెండో ప్రోలరాజు, ఆయనకి అప్పుడు కొండవీటి సీమలో కరణీకాలు పంచేంత పట్టు లేదు. గజపతులంటారా, కటకం గజపతులు మనవైపు వచ్చింది పదిహేనో శతాబ్దంలో. అంటే ఈ వాక్యంలో గణపతీ గజపతీ కలిసిపోయారు, తేదీ ఇద్దరికీ అతకదు. మరి ఇది అబద్ధమా? నేనైతే అబద్ధం అనను. ఒక కరణం కంపెనీ సర్కారు నుంచి వచ్చిన మనిషి ముందు కూర్చుని చెప్తున్న మాట అది. అప్పటికి కంపెనీ భూములన్నీ తిరగేస్తోంది, ఎవరి మాన్యం ఉంటుందో ఎవరిది పోతుందో తెలీదు, ఊరి జనం ఈ రాసుకోవడం అంతా శిస్తు పెంచడానికేనేమో అని భయపడుతున్న రోజులు. అప్పుడు కరణం ఏం చెప్తాడు? మా హక్కు నిన్నగాక మొన్న నవాబు ఇచ్చింది కాదు బాబూ, రాజుల కాలం నాటిది, గ్రహణ పుణ్యకాలంలో ధారపోసింది, దాన్ని ఏ సర్కారూ తియ్యలేదు అని చెప్తాడు. ఆ వాక్యాన్ని 1145 చరిత్రగా చదివితే తప్పు దారిలో పోతారు, 1810ల నాటి కరణాల పరిస్థితిగా చదివితే అంతకన్నా మంచి ఆధారం లేదు. ఏ కాగితం చూసినా నేను మొదట అడిగేది ఇదే, ఎవరు, ఎవరికి, ఏం దక్కించుకోవడానికి చెప్పారు అని.

అలా అని మొత్తం కొట్టిపారేయకండి. కిందకి వచ్చేకొద్దీ గట్టిపడుతుంది. కృష్ణదేవరాయలు కొండవీడు తీసుకోవడం శకం 1437 అని రాస్తారు, అది 1515, మంగళగిరి శాసనంతో సరిపోతుంది. తర్వాత తురకాణ్యం, మొగలాయి, ఆ తర్వాత 1122 ఫసలీలో (శిస్తు లెక్కల సంవత్సరం, మన 1712) కొండవీటి సీమని జమీందార్లకి మూడు వంతులు చేసి పంచినప్పుడు మీ ఊరు ఎవరి వంతుకొచ్చింది అనేది. వాసిరెడ్డి వారి వంతా, మానూరి వారి వంతా, మల్రాజు వారి వంతా. మీది నరసరావుపేట దగ్గర కాబట్టి మల్రాజు వారే అయ్యుండొచ్చు కానీ అలా అనుకుని రాసెయ్యకండి, చూసి రాయండి, ఎందుకంటే ఆ వంతులు సరిహద్దు గీసినట్టు నీటుగా ఉండవు, ఒక ఊరు ఇటు పక్క ఊరు అటు ఉంటుంది. అక్కణ్ణించి వంద సంవత్సరాల కథ, ఏ జమీందారు ఎన్నేళ్ళు ప్రభుత్వం చేశాడు, ఎవరు గుడి కట్టించారు, ఎవరు చెరువు తవ్వించారు, ఇది చెప్పేవాడి తాత చూసిన కాలం, దీన్ని చాలావరకు నమ్మొచ్చు.

అందరూ వదిలేసేది చివరి భాగం. గ్రామం గుడికట్టు (ఊరి మొత్తం భూమి) కుచ్చళ్ళు (పాత భూమి కొలత) ఇన్ని, అందులో మినహాలు (శిస్తు లెక్కలోంచి తీసేసినవి) అని ఒక లెక్క వస్తుంది, చూడ్డానికి బోరు కొడుతుంది, రాజుల పేర్లు ఉండవు కదా. నా వరకు కైఫీయతు మొత్తంలో విలువైంది అదే. గ్రామకంఠానికి ఇంత, చెరువులకీ కుంటలకీ ఇంత, తోటలకి ఇంత, డొంకలకి ఇంత, దేవుడి ఇనాం ఇంత, భట్టవృత్తులు (బ్రాహ్మణులకిచ్చిన మాన్యాలు) ఇంత, పీర్లచావిడికి ఇంత. ఏ తోట ఎవరు వేశారో కూడా కొన్నిట్లో ఉంటుంది. ఇది పట్టుకుని మీ ఊరి ఫీల్డ్ మ్యాపు, పాత అడంగలు పక్కన పెట్టి చూడండి, ఇవాళ ప్లాట్లు వేసిన చోట రెండొందల ఏళ్ళ కింద కుంట ఉందని తెలుస్తుంది. వాన పడితే ఆ కాలనీలోనే నీళ్ళెందుకు నిలుస్తాయో కూడా తెలుస్తుంది.

ఇంకొకటి, మీ వైపు వాళ్ళు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సింది నందన కరువు. 1832, 33 సంవత్సరాల్లో వచ్చింది. గుంటూరు జిల్లాలో అప్పటి జనాభా 5 లక్షల్లో 2 లక్షల మంది దాకా పోయారని పాత గెజెటీరు లెక్క. కైఫీయతులు రాసింది దానికి ముందు. అంటే కైఫీయతులో ఉన్న ఊరు, కరువు తర్వాతి ఊరు ఒకటే మనుషులు కాకపోవచ్చు. పోయినవాళ్ళు పోయారు, వలస వెళ్ళినవాళ్ళు కొందరు తిరిగి రాలేదు, ఖాళీ భూముల్లోకి వేరే చోట్ల నుంచి వచ్చి చేరినవాళ్ళున్నారు. మేం కాకతీయుల కాలం నుంచి ఇక్కడే అని చెప్పుకునే కుటుంబాల్లో కొన్ని వచ్చింది ఈ కరువు తర్వాతే. ఇది చెప్తే ఊళ్ళో కొంతమందికి కోపం వస్తుంది, సిద్ధంగా ఉండండి.

ముత్తాతల పేర్లకి వద్దాం. దీనికి బెస్టు చోటు ఇనాం రిజిస్టరు, ఐ.ఎఫ్.ఆర్ అంటారు, ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి ప్రతి మాన్యాన్నీ విచారించింది. ఒక్కో ఇనాముకి ఒక్కో ఎంట్రీ, అందులో భూమి ఎంత, ఎవరిచ్చారు, ఏ సంవత్సరం, మొదట పుచ్చుకున్నవాడు ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడి పేరు, వాడి వయసు, మొదటివాడికి ఏమవుతాడు, డిప్యూటీ కలెక్టరు ఏమనుకున్నాడు, కమిషనర్ ఏం తేల్చాడు, టైటిల్ డీడ్ నంబరు. 1860ల్లో బతికున్న మనిషి పేరూ వయసూ ఒక సర్కారు కాగితంలో ఉందంటే మామూలు విషయం కాదు. పైగా ఇందులో పూజారులు, కరణాలే కాదు, మంగలి, చాకలి, కుమ్మరి, వడ్రంగి, తలారి, వెట్టి, అందరి సేవా మాన్యాలూ ఉంటాయి. కైఫీయతులో నోరు లేని మనుషులు ఇక్కడ పేరుతో కనిపిస్తారు. కలెక్టరు ఆఫీసులో ఉంటాయి, ఆర్కైవ్స్‌లో కూడా కొన్ని. కోర్టు కేసుల్లో ఇవాళ్టికీ ఇదే సాక్ష్యం కాబట్టి ఆఫీసులో ఎందుకండీ అని అనుమానంగా చూస్తారు, అక్కడ భూమి తగాదా ఏమీ లేదు, ఊరి చరిత్రకి అని ఒక కాగితం రాసి పంచాయతీ సంతకం పెట్టించి తీసుకెళ్ళండి, పని సులువవుతుంది. ఊరి పేరుతోనూ పాత తాలూకా పేరుతోనూ అడగాలి, ఇప్పటి మండలం పేరు చెప్తే దొరకదు.

దాని తర్వాత రీసెటిల్మెంట్ రిజిస్టరు, ఆర్.ఎస్.ఆర్, మన వైపు డైగ్లాట్ అంటారు, రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి. రైతుల పేర్లు అందులో ఉంటాయి. రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్ళు కూడా తీయించండి, డబ్బుల సంగతి కాదు అందులో చూడాల్సింది, చెక్కుబందీ చూడండి. తూర్పు ఫలానా వాడి చేను, పడమర ఫలానా వాడి దొడ్డి, ఉత్తరం డొంక. నాలుగు దస్తావేజులు పక్కపక్కన పెడితే 1900 నాటి వీధి మొత్తం లేచి కూర్చుంటుంది.

కరణం గారి ఇల్లు మర్చిపోకండి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం మునసబుల్ని తీసేసినప్పుడు లెక్కలన్నీ అప్పజెప్పమన్నారు, కొంత అప్పజెప్పారు, కొంత అటక మీదే ఉండిపోయింది, ఆ తర్వాత ఇల్లు అమ్మి హైదరాబాదు వెళ్ళినప్పుడు కట్టలు కట్టలు పాత కాగితాల వాడికి వేసిన ఇళ్ళు నాకు తెలుసు. మీ ఊరి కరణం గారి వారసులు ఎక్కడున్నారో కనుక్కుని ఈ నెలలోనే ఫోన్ చెయ్యండి. ఆర్కైవ్స్ ఎక్కడికీ పోవు, అటక పోతుంది.

శాసనాలు తొందరగానే తేలిపోతాయి. రంగాచార్య 1919లో మద్రాసు ప్రెసిడెన్సీ శాసనాలన్నిటికీ జిల్లా, తాలూకా, ఊరు వారీగా మూడు సంపుటాల జాబితా వేశారు, ముందు అందులో మీ ఊరు చూసుకోండి. ఉంటే దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పాఠం దొరుకుతుంది, పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే. ఇవన్నీ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఫ్రీగా ఉన్నాయి. గుడికి సున్నం వేసి, టైల్స్ అతికించి శాసనం మాయమైపోయిన ఊళ్ళు ఎన్నో, జాబితాలో ఉండి గుళ్ళో లేకపోతే ఆశ్చర్యపోకండి. జిల్లా మాన్యువల్ కూడా చూడండి, గుంటూరు అప్పట్లో కృష్ణా జిల్లాలోనే ఉండేది, ఆ కృష్ణా జిల్లా మాన్యువల్ 1883లో రాసింది గోర్డన్ మెకంజీ, మద్రాసు సివిల్ సర్వీసు అధికారి, ఈయనకీ మన కాలిన్ మెకంజీకీ సంబంధం లేదు, ఇద్దర్నీ ఒకరే అనుకుని రాసిన వ్యాసాలు నెట్లో బోలెడు.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ భూమి చుట్టూ తిరిగే కాగితాలే, గమనించారా. భూమి లేని వాళ్ళు ఎక్కడ? మాల మాదిగ పల్లెల చరిత్ర రాయకుండా ఊరి చరిత్ర అంటే అది సగం ఊరి చరిత్ర. మీ పుస్తకం కమిటీలో ఆ పల్లెల వాళ్ళు ఉన్నారో లేదో మీరు చెప్పలేదు, లేకపోతే ముందు చేర్చండి. కాగితాల్లో వాళ్ళ పేర్లు దొరికే చోటు మిషన్ రిజిస్టర్లు. గుంటూరుకి లూథరన్ మిషనరీ హేయర్ 1842లో వచ్చాడు, ఒంగోలు వైపు బాప్టిస్టు క్లౌ దొర దగ్గర 1878 జులై 3న ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, పెద్ద కరువు వెళ్ళిన వెంటనే. బాప్తిస్మం రిజిస్టర్లలో పేరు, పల్లె ఉంటాయి, తర్వాతి కాలంలో పెళ్ళిళ్ళు, బడి పిల్లల లిస్టులు కూడా. మీ దగ్గర్లోని పాత చర్చి బీరువాతో మొదలుపెట్టండి, పాస్టరు గారు మంచివారైతే చూపిస్తారు, పెద్ద సెట్టు కావాలంటే బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్. వాళ్ళు అమెరికాకి రాసిన రిపోర్టుల్లో గొప్పలు ఉంటాయి, చందాలు రావాలి కదా, కానీ రిజిస్టరులో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, పేరు మాత్రమే.

ఇంకో కాగితం గురించి ఎవరూ చెప్పరు, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అది. కూలీల ఓడ లిస్టులు, అగ్రిమెంటు మీద పరదేశాలకి కూలికి వెళ్ళినవాళ్ళవి. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది, 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నెటాలుకి 1,52,000 పైచిలుకు మంది వెళ్ళారు, ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే, అందులో మన తెలుగువాళ్ళు చాలామంది. ఓడ ఎక్కించేటప్పుడు ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలూ గాట్లూ రాసుకున్నారు. ఆ లిస్టులు ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించారు. మారిషస్‌లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర అక్కడికి వెళ్ళినవాళ్ళ రికార్డు ఉంది, ఫోటోలతో సహా. ఫిజీకి మద్రాసు నుంచి 1903 తర్వాత వెళ్ళారు, వాళ్ళకి పాసులు ఉన్నాయి. ఊరి పేర్లని ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినపడినట్టు రాశాడు కాబట్టి నాలుగైదు రకాల స్పెల్లింగుతో వెతకాలి. విశాఖ, గంజాం, గోదావరి, అప్పటి ఉత్తర ఆర్కాటు వాళ్ళకి బాగా దొరుకుతుంది, మీ వైపు తక్కువే అయినా చూడండి. తన సొంత ఊళ్ళో ఏ రిజిస్టరూ రాయని మనిషికి తండ్రి పేరుతో సహా డర్బన్‌లో కాగితం ఉంది. బర్మా వెళ్ళినవాళ్ళకి ఈ సౌకర్యం లేదు, కాకినాడలో టికెట్టు కొనుక్కుని రంగూన్ వెళ్ళారు, అగ్రిమెంటు లేదు కాబట్టి అలా లిస్టూ లేదు, వాళ్ళ సంగతి ఇళ్ళల్లో అడిగి తెలుసుకోవాల్సిందే.

అడిగి తెలుసుకోవడం అంటే గుర్తొచ్చింది, పిచ్చుకుంట్ల వాళ్ళు మీ ఊరికి ఇప్పటికీ వస్తున్నారా? రెడ్లకీ కమ్మవాళ్ళకీ గోత్రాలూ వంశాలూ చెప్పేది వాళ్ళే. పద్మశాలీలకి సాధనాశూరులు, మాదిగలకి జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్ళు, ఇలా కులానికో ఆశ్రిత కులం. వాళ్ళ దగ్గర ఏ ఇంటిపేరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చిందో ఉంటుంది. అందులో పొగడ్త ఉంటుంది, సంభావన ఇచ్చేవాణ్ణి పొగడకపోతే ఎలా, కానీ వలస దారి మాత్రం వాళ్ళు ఊరికే మార్చరు. ఫోన్లో రికార్డు చెయ్యండి, ముందు అడిగి చెయ్యండి, సంభావన సరిగ్గా ఇవ్వండి. జనాభా లెక్కల్లో తాత పేరు వెతుకుదామనుకుంటున్నారేమో, అమెరికా వాళ్ళలాగా మనకి కుదరదు, మనిషి వారీ పాత ఫారాలు మన దగ్గర దాచలేదు.

మీ ఆవిడ వాళ్ళ ఊరు. నిజాం రాజ్యంలో మెకంజీ మనుషులు తిరిగింది తక్కువ, కాబట్టి ఊరూరికీ కైఫీయతు అనే ఆశ వద్దు. అక్కడ శాసనాలు మాత్రం పుష్కలం. లక్ష్మణరాయ పరిశోధక మండలి వాళ్ళు 1935లోనే తెలంగాణ శాసనములు అచ్చేశారు, నల్గొండ జిల్లా శాసనాలకి తర్వాత ప్రభుత్వం వేసిన సంపుటాలు ఉన్నాయి, పానగల్లు చుట్టుపక్కల ఊరైతే పండగే. భూమి కాగితాల్లో సేత్వార్ మొదటిది, సర్వే అయ్యాక మొదటి పట్టాదారు ఎవరో అందులో ఉంటుంది. తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, పట్టా ఎవరిది, నిజంగా దున్నుతున్నదెవరు అనేది రెండూ పక్కపక్కన. జాగీరు ఊరైతే తార్నాకలో ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి. షాజహాన్, ఔరంగజేబు కాలం దక్కన్ కాగితాలే అక్కడ లక్షన్నర దాకా ఉన్నాయి, ప్రపంచంలో మొగలు కాగితాలు అంత పెద్దసంఖ్యలో ఉన్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇబ్బంది ఏంటంటే 1880ల దాకా పార్సీ, ఆ తర్వాత ఉర్దూ, అదీ షికస్తా అనే గొలుసుకట్టు రాత, ఉర్దూ బాగా వచ్చినవాళ్ళకి కూడా కళ్ళు తిరుగుతాయి. పాతబస్తీలో చదివిపెట్టే పెద్దలు ఉన్నారు, డబ్బు ఇచ్చి చదివించుకోండి, మొహమాటపడకండి. నల్గొండలో ఇంకో సంగతి, సాయుధ పోరాటంలో గడీల మీద పడ్డప్పుడు జనం మొట్టమొదట తగలబెట్టింది ప్రోనోట్లూ లెక్కల పుస్తకాలే. వాళ్ళ దృష్టిలో అది న్యాయమే, ఆ కాగితాలే కదా వాళ్ళని వెట్టిలో కట్టేసింది. అందుకని ఆ దొర ఊళ్ళకి సంబంధించి 1940ల ముందు కాగితం లేకపోతే ఎందుకు లేదో కూడా చరిత్రలో భాగమే, ఆ మంట గురించి ముసలివాళ్ళని అడిగి రాయమనండి.

కొన్ని చిన్న విషయాలు. తేదీలు: ఫసలీకి 590 కలపండి, అలా 1122 ఫసలీ 1712 అవుతుంది, జులైలో మొదలవుతుంది, నిజాం వైపు ఫసలీ అక్టోబరులో ఆజూరు నెలతో మొదలవుతుంది. శకానికి 78. ప్రభవ విభవ పేరు ఒక్కటే ఉంటే 60 ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి దాన్ని బట్టి ఏ రాజు కాలమో తేల్చకండి. రాత: మాటల మధ్య ఖాళీ ఉండదు, గొలుసుకట్టు, వున్నది అనేది వుంన్నది అని ఉంటుంది, వలపలగిలకలు (అక్షరం పక్కన రాసే పాత రకారం గుర్తు), తెలుగు అంకెలు, వీసాలు, పరకలు లాంటి పాత భిన్నాల గుర్తులు. మొదటి రెండు పేజీలు చుక్కలు కనిపిస్తాయి, తర్వాత ఆ గుమాస్తా చెయ్యి అలవాటైపోతుంది. అచ్చేసేటప్పుడు దయచేసి స్పెల్లింగులు సరిదిద్దకండి, ఉన్నది ఉన్నట్టు వేసి కింద మీ మాటల్లో రాసుకోండి. ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో గుంటూరు, మచిలీపట్నం కలెక్టర్ల పాత ఉత్తరాలు ఉన్నాయి కానీ అది మొదటి పుస్తకానికి వద్దు, అందులోకి దిగితే మీ పుస్తకం మీ మనవడు వెయ్యాలి.

ఇంతకీ మొదలు ఎక్కడ పెట్టాలంటే, రేపు పొద్దున ఊళ్ళో ఎనభై దాటిన నలుగుర్ని కూర్చోబెట్టి పొలాల పేర్లు చెప్పించండి. మంగలి మాన్యం, జంగం మాన్యం, భోగం మాన్యం, పీర్ల మాన్యం, ఫలానా వారి కుంట, పాటిదిబ్బ, అన్నీ సర్వే నంబర్లతో సహా. ఆ లిస్టు చేతిలో ఉంటే ఇనాం రిజిస్టరులో ఏ ఎంట్రీ అడగాలో, కైఫీయతు మినహాల్లో ఏ మాట దేని గురించో తెలుస్తుంది, లేకుండా వెళ్తే రికార్డు రూములో బిక్కమొహం వేసుకుని కూర్చోవాలి. మీ ఊరి కైఫీయతు దొరికాక గోపరాజు రామన్న పేరా, ఆ చివరి గుడికట్టు లెక్క పేజీ ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, కుచ్చళ్ళ లెక్క అర్థం కాకపోతే చదివిపెడతా. పక్క రెండు ఊళ్ళవి కూడా కలిపి పెట్టండి, ఒక్క ఊరిది చూసి నేను ఏమీ చెప్పను.